హార్స్‌పవర్ తరువాత మొదలయ్యే పని

మా మేనల్లుడు కిందటి వేసవిలో తన టర్బో పెట్రోల్ సెడాన్‌ను హైదరాబాదులోని ఒక ట్యూనింగ్ షెడ్డుకు తీసుకువెళ్లి రీమ్యాప్ చేయించాడు. ల్యాప్‌టాప్‌ను కారుకు తగిలించి, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి, గంటలోపే తాళం చేతికి ఇచ్చారట. "మామయ్యా, ఇప్పుడిది స్పోర్ట్స్ సెడానే. కంపెనీవాళ్లు దాచిపెట్టిన పవరంతా బయటికొచ్చింది" అన్నాడు. ఆ ఒక్క మాటలో రెండు వాదనలు ఉన్నాయి. మామూలు సెడాన్‌కూ స్పోర్ట్స్ సెడాన్‌కూ మధ్య ఉన్న తేడా అంతా ఇంజన్ శక్తిలోనే ఉందన్నది మొదటిది. ఆ శక్తిని కంపెనీలు కావాలనే తొక్కిపెడతాయన్నది రెండవది. రెండవదానిలో కొంత నిజం ఉంది, ఆ సంగతి తరువాత చెబుతాను. మొదటిది మాత్రం తప్పని నా గట్టి అభిప్రాయం. ఎందుకు తప్పో చూపించడానికి మెర్సిడెస్ బెంజ్ 500ఈ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రెండు ఫ్యాక్టరీల మధ్య తిరిగిన కారు

500ఈకి ఆధారం డబ్ల్యు124 అనే బెంజ్ మామూలు సెడాన్. అందులో అప్పటికి ఉన్న పెద్ద పెట్రోల్ ఇంజన్ మూడు లీటర్ల ఆరు సిలిండర్లది. 24 వాల్వుల రకంలో కూడా అది 220 హార్స్‌పవరే ఇచ్చేది. దాని స్థానంలో 500ఎస్‌ఎల్ స్పోర్ట్స్ కారులోని ఐదు లీటర్ల వీ8 ఇంజన్‌ను అమర్చాలని బెంజ్ ఆలోచించింది. ఎం119 అనే ఆ ఇంజన్ 500ఎస్‌ఎల్ కోసం అప్పటికే రూపుదిద్దుకుంది: 4,973 సీసీ, 32 వాల్వులు. 500ఈలో అది 326 హార్స్‌పవర్, 480 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం) ఇచ్చింది. శక్తి అనే సమస్య దాదాపు మొదటి రోజునే తీరిపోయిందన్నమాట. అయినా 1988లో ఈ పనిని పోర్షేకు అప్పగించిన నాటి నుంచి 1990 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో కారును జనం ముందు పెట్టే దాకా సుమారు రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో ఏం జరిగిందో చూస్తే స్పోర్ట్స్ సెడాన్‌ను తయారు చేయడమంటే ఏమిటో తెలుస్తుంది.

సిలిండర్లన్నీ ఒకే వరుసలో ఉండే సన్నని ఇంజన్ కోసం గీసిన బానెట్ కింద వెడల్పాటి వీ8 కూర్చోవాలి. చోటు కోసం, ముందు భాగం మీద పడే బరువును కొంతైనా తగ్గించడం కోసం బ్యాటరీని డిక్కీలోకి మార్చారు. పెరిగిన టార్క్‌ను రోడ్డుకు అందించాలంటే 195 మిల్లీమీటర్ల టైర్లు చాలవు, అందువల్ల 225 మిల్లీమీటర్ల టైర్లు, 16 అంగుళాల చక్రాలు వచ్చాయి. ఆ చక్రాలు పట్టాలంటే మునుపటి ఫెండర్లు (చక్రాల మీది రేకులు) సరిపోవు కాబట్టి నాలుగు మూలలా ఫెండర్లు వెలుపలికి ఉబ్బాయి, 1,740 మిల్లీమీటర్ల కారు వెడల్పు 1,796కు పెరిగింది. 500ఎస్‌ఎల్ బ్రేకులు వచ్చాయి. వీ8 దాహానికి తగినట్టు 70 లీటర్ల ట్యాంకు 90 లీటర్లదైంది. వెనక మధ్య సీటు పోయి ఇద్దరికి విడివిడి సీట్లు మిగిలాయి. వెనక సస్పెన్షన్‌కు బరువును బట్టి ఎత్తును తనంత తానే సరిచేసుకునే ఏర్పాటు, చక్రాలు జారకుండా చూసే నియంత్రణ వ్యవస్థ కారుతోపాటే ఇచ్చారు.

వీటిలో ఏ ఒక్కటీ ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసుకోదగినది కాదు. కానీ ఒక్కో మార్పు తన వెనక మరొక మార్పును లాక్కువచ్చిన తీరు గమనించదగినది. ఇంజన్ టైర్లను మార్చింది, టైర్లు ఫెండర్లను మార్చాయి, చివరికి ఫెండర్లు ఫ్యాక్టరీనే మార్చాయి. ఉబ్బిన ఫెండర్ల కారు జిండెల్‌ఫింగెన్‌లోని బెంజ్ అసెంబ్లీ లైనులో ఇమడలేదు. అప్పుడు తేలికైన దారి ఒకటి ఉంది. ఫెండర్లను కొంత కుదించి, కాస్త సన్నని టైర్లతో సరిపెట్టుకుంటే కారు మామూలు లైను మీదనే తయారయ్యేది, ఖర్చూ కలిసివచ్చేది. వారు ఆ దారి తొక్కలేదు. విడిభాగాలు జిండెల్‌ఫింగెన్ నుంచి స్టుట్‌గార్ట్ ఉత్తరాన ఉన్న ట్సూఫెన్‌హౌసెన్‌లోని పోర్షే ఫ్యాక్టరీకి వెళ్లేవి, అక్కడ బాడీ తయారై రంగు కోసం తిరిగి జిండెల్‌ఫింగెన్‌కు వచ్చేది, మళ్లీ పోర్షేకు వెళ్లి ఇంజన్, లోపలి అమరికలు పూర్తి చేసుకుని, చివరి తనిఖీకి ఇంకొకసారి బెంజ్‌కు చేరేది. ఒక్కో కారుకు 18 రోజులు పట్టేది. 1995లో ఉత్పత్తి ఆగేనాటికి ఈ పద్ధతిలో మొత్తం 10,479 కార్లు తయారయ్యాయి.

పోర్షే పేరు వినబడటంతో ఈ కథకు కొంత అదనపు మెరుపు అంటిందని నేనూ ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో బెంజ్ ఇంజనీర్లు ఎస్ క్లాస్ అనే పెద్ద సెడాన్ కొత్త తరం పనిలో మునిగి ఉన్నారు, పోర్షేకు కార్ల అమ్మకాలు పడిపోయి పని అవసరమైంది. ఇద్దరి అవసరాలూ కలిసిన వ్యాపార ఒప్పందమే అది. ఇంజన్ బెంజ్‌ది, నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బెంజ్‌ది, అసలు కారే బెంజ్‌ది. "మరి పోర్షే చేసిందేమిటి, ఉన్న సామాను ఉన్నచోట అమర్చడమే కదా" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే, అమర్చడమే చేసింది. కానీ ఐదుగురు కూర్చునే కారు కోసం గీసిన గీతల్లో వీ8 ఇంజన్ వేడి, బరువు, టార్క్, దాన్ని ఆపడానికి కావలసిన బలం అన్నీ ఒకదానితో ఒకటి గొడవపడకుండా ఇమిడేటట్టు చేయడమే ఈ రకం కార్లలో అన్నిటికన్నా కష్టమైన పని. దానికి కావలసిన ఓపికా లెక్కా ఇంజన్ రూపకల్పనకు కావలసిన వాటి కన్నా తక్కువవి కావు.

నా వాదనకు ఎదురొచ్చే ఎం5

ఇక్కడ నాకే ఒక చిక్కు ఉంది. 1985లో వచ్చిన మొదటి బీఎండబ్ల్యూ ఎం5ను తీసుకుంటే నా వాదన అంత సాఫీగా సాగదు. ఎం1 స్పోర్ట్స్ కారు ఇంజన్ నుంచి పుట్టిన ఆరు సిలిండర్ల ఇంజన్‌ను మామూలు 5 సిరీస్‌లో కూర్చోబెట్టారు. 286 హార్స్‌పవర్. అదే బాడీతో వచ్చే 535ఐ ఇచ్చేది 218. అంటే పెరుగుదల మూడో వంతుకు కాస్త తక్కువ. మన ట్యూనింగ్ షెడ్లు టర్బో కార్లకు చెప్పుకునే పెరుగుదల కూడా ఇంచుమించు ఇంతే. ఫెండర్లు ఉబ్బలేదు, రెండు ఫ్యాక్టరీల మధ్య తిరుగుళ్లు లేవు. దూరం నుంచి చూస్తే చాలామంది దాన్ని మామూలు 5 సిరీస్ అనుకునేవారు. దాన్ని స్పోర్ట్స్ సెడాన్ కాదనే ధైర్యం ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. అలాంటప్పుడు మూడో వంతు శక్తి పెంచుకున్న మేనల్లుడి కారును మాత్రం నేను ఎలా కాదంటాను?

దీని గురించి చాలా ఆలోచించాను. తేడా శక్తి పెరుగుదల శాతంలో లేదు. ఎం5కు ఇంజన్ మార్చినప్పుడు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, ముందు బ్రేకు డిస్కులు కూడా మార్చారు. చేతితో అమర్చిన ఆ కార్లు రెండు వేల పైచిలుకే తయారయ్యాయి. ఇంజన్ ఒక మెట్టు ఎక్కినప్పుడు మిగిలినవన్నీ దానితోపాటు ఆ మెట్టు ఎక్కాయి. 500ఈలో మెట్టు ఎత్తు ఎక్కువ కాబట్టి మార్పులు పైకి కనిపించాయి, ఎం5లో తక్కువ కాబట్టి లోపలే ఉండిపోయాయి. కాబట్టి ఫెండర్లు ఉబ్బాయా లేదా అన్నది నేను పెట్టే పరీక్ష కాదు. శక్తి పెంచిన మనిషి ఆ తరువాత బ్రేకుల వైపు, గేర్‌బాక్స్ వైపు, టైర్ల వైపు చూశాడా లేదా అన్నదే నా ప్రశ్న.

ఘాట్‌లో బ్రేకుల లెక్క

రీమ్యాప్ చేయించిన కొద్ది వారాలకే మేనల్లుడి కారులో శ్రీశైలం వెళ్లాం. ముందు సీటులో నేను, వెనక మా అక్క, ఆమె తోటికోడలు, డిక్కీ నిండా సామాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల రోడ్డు మీద కారు పరుగు నిజంగా బాగుంది, లారీలను దాటేటప్పుడు వేగం అందుకునే తీరు నాకూ నచ్చింది. దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగే మలుపులు మొదలయ్యాక, నాలుగైదు మలుపుల తరువాత ముక్కుకు మాడువాసన తగిలింది. ఆ వెంటనే బ్రేకు పెడల్ మునుపటి కన్నా లోతుకు పోతోందని అతనే చెప్పాడు. గేరు తగ్గించి, కాస్త వెడల్పున్న చోట పక్కకు ఆపాడు. చక్రాల దగ్గరికి చెయ్యి పెట్టలేనంత వేడి. అవి చల్లారే దాకా ఆగి, మిగిలిన దారంతా చిన్న గేరులోనే దిగాం. "ఇది పవర్ వల్ల కాదు మామయ్యా, ఘాట్ కదా, ఏ కారుకైనా అవుతుంది" అన్నాడు.

అతని మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. లెక్క చూద్దాం. 1,700 కిలోల బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలోని గతిశక్తి సుమారు ఆరున్నర లక్షల జౌళ్లు. 250 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 41 లక్షల జౌళ్లు. వేగం రెండున్నర రెట్లయితే బ్రేకులు మింగవలసిన వేడి ఆరుంపావు రెట్లవుతుంది. ఇప్పుడు అదే బరువున్న కారు కొండ మీది నుంచి 250 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. విడుదలయ్యే శక్తి ఇంచుమించు ఆ 41 లక్షల జౌళ్లే. మన ఘాట్లలో కుటుంబంతో నెమ్మదిగా దిగే కారు మోసే భారం, ఆటోబాన్ (జర్మనీ హైవే) మీద పూర్తి వేగం నుంచి ఒకసారి ఆగే 500ఈ మోసే భారంతో సమానమన్నమాట. దిగేటప్పుడు ఆ వేడి నిమిషాల తరబడి విడుదలవుతుంది, అందులో కొంత గాలికి, చిన్న గేరులో ఉంటే ఇంకొంత ఇంజన్‌కు పోతుంది, అందువల్లే మామూలు కార్లు కూడా మామూలుగా దిగగలుగుతున్నాయి. ఆ మేరకు మేనల్లుడి మాట నిజమే.

కానీ రెండు మలుపుల మధ్య ఉన్న కొద్దిపాటి తిన్నని దారిలో మునుపు 50 దాకా వెళ్లే కారు ఇప్పుడు 70 అందుకుంటోంది. 50 నుంచి ఆపడానికి, 70 నుంచి ఆపడానికి మధ్య వేడి తేడా దాదాపు రెండింతలు. ప్రతి మలుపు దగ్గరా, ఆ డిస్కులే, ఆ ప్యాడ్లే. ఘాట్ పెట్టే పరీక్షకు రీమ్యాప్ తన వంతు బరువు చేర్చింది, బ్రేకులకు మాత్రం ఎవరూ ఏమీ చేర్చలేదు. షెడ్డులో ఆ గంటసేపట్లో బ్రేకుల గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా అని అతన్ని అడిగాను. ఎవరూ అడగలేదన్నాడు.

కంపెనీలు అట్టిపెట్టుకున్నది

ఇక దాచిపెట్టిన శక్తి సంగతి. ఒకే ఇంజన్‌ను సాఫ్ట్‌వేర్ మార్చి రెండు మూడు స్థాయిల శక్తితో అమ్మడం కంపెనీలకు అలవాటే. కొన్నిసార్లు వాటి మధ్య తేడా ధరల పట్టికలోనే ఉంటుంది. ఈ విషయంలో ట్యూనింగ్ చేసేవారి కోపం న్యాయమైనదే. కానీ అట్టిపెట్టిన శక్తి అంతా దాచిన సొమ్ము కాదు. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా వేసుకుని, నాణ్యత తగ్గిన పెట్రోలు పోయించుకుని, ఐదుగురితో ఫ్లైఓవర్ ఎక్కే కారులో కూడా ఇంజన్ లోపల పేలుడు అదుపు తప్పకూడదు. కంపెనీ ఇంజనీరు వదిలిపెట్టిన ఎడం ఆ రోజు కోసం. చల్లని ఉదయం షెడ్డులో డైనో అనే శక్తిని కొలిచే యంత్రం మీద కొలిచిన అంకె ఆ మధ్యాహ్నం గురించి ఏమీ చెప్పదు.

గేర్‌బాక్స్ విషయం ఇంకా సూటిగా ఉంటుంది. డ్రై క్లచ్‌లతో పనిచేసే కొన్ని ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లను 250 న్యూటన్ మీటర్ల టార్క్ దాకానే రూపొందించారు. ఇంజన్‌ను కంపెనీయే సరిగ్గా 250 దగ్గర ఆపితే, అది గేర్‌బాక్స్ గీసిన గీత. రీమ్యాప్‌తో టార్క్ 300 దాటించినప్పుడు క్లచ్ ఆ రోజే విరిగిపోదు, నెలల తరబడి కొద్దికొద్దిగా అరుగుతుంది. ఇంజన్ బాగానే ఉంది కదా అనుకుంటూ ఉండగా ఖర్చు ఇంకోచోట పేరుకుంటుంది.

అయితే బయటి ట్యూనర్లు ఇలాంటి పని సరిగ్గా చేయలేరని మాత్రం నేను అనను. బెంజ్ 500ఈని తలపెట్టక ముందే, 1986 ప్రాంతంలో, అప్పటికి ఇంకా స్వతంత్ర ట్యూనింగ్ సంస్థగా ఉన్న ఏఎంజీ ఇదే డబ్ల్యు124లో వీ8 ఇంజన్ బిగించి హామర్ అనే కారు తయారు చేసింది. ఫ్యాక్టరీ కన్నా ముందే, ఫ్యాక్టరీ కన్నా ఎక్కువ శక్తితో. కానీ వారు సొంతంగా 32 వాల్వుల సిలిండర్ హెడ్లు తయారు చేసుకున్నారు, డిఫరెన్షియల్, సస్పెన్షన్, బ్రేకులు అన్నీ మార్చారు. అందుకే ఆ కారు ధర కళ్లు తిరిగేలా ఉండేది, అమ్ముడైనవీ కొద్దే. పని మొత్తం చేస్తే ఎంత అవుతుందో హామర్ ధర చెప్పింది. గంటలో అయిపోయే పనికి అంత ధర ఉండదు, ఎందుకంటే అది మొత్తం పనిలో ఒక ముక్క మాత్రమే.

ఎవరి కోసం ఇంత వేగం

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటి ఉంది. అసలు ఇలాంటి కార్లు ఎందుకు? 1990లో బ్రిటన్‌లో స్పోర్ట్స్ కార్ల కంపెనీ లోటస్ తీర్చిన లోటస్ కార్ల్‌టన్ వచ్చినప్పుడు ఈ ప్రశ్న పెద్దగా వినిపించింది. మామూలు కుటుంబ సెడాన్‌ను తీసుకుని, మూడు లీటర్ల ఇంజన్‌ను 3.6 లీటర్లకు పెంచి, రెండు టర్బోలు తగిలించి, 377 హార్స్‌పవర్ రాబట్టి, గంటకు 280 కిలోమీటర్లు దాటించారు. జర్మన్ కంపెనీలు తమ సెడాన్లను 250 దగ్గర ఆపుకుంటున్న రోజులవి. బ్రిటన్ మోటారు మార్గాల్లో పరిమితి 112 కిలోమీటర్లు. పత్రికలు మండిపడ్డాయి, విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. అనుకున్న 1,100లో 950 కార్లే తయారయ్యాయి.

ఇంజనీరింగ్ పరంగా లోటస్ పని నిండైనది. ఆరు గేర్ల గేర్‌బాక్స్‌ను కార్వెట్ జెడ్‌ఆర్-1 అనే అమెరికన్ స్పోర్ట్స్ కారు నుంచి తెచ్చుకున్నారు, బ్రేకులూ టైర్లూ ఆ వేగానికి తగినవే వేశారు. నేను పెట్టిన పరీక్షలో అది నెగ్గుతుంది. అయినా ఆనాటి విమర్శకులు పూర్తిగా తప్పని అనలేకపోతున్నాను. బ్రేకులు ఎంత మంచివైనా తొక్కవలసింది మనిషే, రోడ్డు మీద మిగిలినవారు ఆ వేగాన్ని ఊహించి దాటరు. దీనికి నా దగ్గర ఉన్న సమాధానం సగమే. 250కి తట్టుకునేలా తీర్చిన కారు 100లో, వానలో, కుక్క అడ్డం వచ్చినప్పుడు ఇచ్చే నిలకడ నిజమైన లాభం, అది ప్రతి రోజూ అందుతుంది. గరిష్ఠ వేగం మాత్రం చాలామందికి ఒక్కసారి కూడా అక్కరకు రాదు. ఆ రెంటినీ విడదీయగలిగితే నేను మొదటిదాన్నే ఉంచుకుంటాను.

విద్యుత్ కార్లు ఈ ప్రశ్నను ఇంకా పదునుగా ముందుకు తెచ్చాయి. ఇప్పుడు శక్తి ఎన్నడూ లేనంత చవక. చైనాలో షియోమీ ఎస్‌యూ7 అల్ట్రా సెడాన్ 1,548 హార్స్‌పవర్‌తో వచ్చింది. 2025 మే నెలలో ఆ కంపెనీయే సాఫ్ట్‌వేర్ ద్వారా దాన్ని సుమారు 900కి పరిమితం చేసి, రేస్ ట్రాక్ మీద నిర్ణీత సమయంలో ల్యాప్ పూర్తి చేసినవారికే మిగిలిన శక్తిని ఇస్తానంది. కొన్నవారు ఎదురు తిరగడంతో వెనక్కి తగ్గింది. డబ్బు కట్టించుకున్న తరువాత నియమం మార్చడం అన్యాయమే, కానీ ఆ నియమం వెనక ఉన్న ఆలోచన సరైనదని నా అభిప్రాయం. అది కారు అమ్మేటప్పుడే చెప్పవలసిన మాట.

చట్టానికి కనిపించనిది

మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. కానీ రోడ్డు మీద కారు ఆపిన అధికారికి పెద్ద చక్రాలు, సైలెన్సర్ మోత తెలుస్తాయి, మారిన సాఫ్ట్‌వేర్ తెలియదు. ఫలితంగా మంచి బ్రేకులు, మంచి టైర్లు వేయించుకున్నవాడు పట్టుబడే అవకాశమే ఎక్కువ. శక్తి ఒక్కటే పెంచుకుని మిగిలినవన్నీ అలాగే వదిలేసినవాడు దర్జాగా వెళ్లిపోతాడు. నాకు ఇది తలకిందులైన వ్యవస్థగా కనిపిస్తోంది.

జర్మనీలో ట్యూనింగ్ నిషిద్ధం కాదు. ఇంజన్ శక్తి పెంచితే టీయూవీ వంటి వాహన తనిఖీ సంస్థ దగ్గర కారును చూపించి, పెరిగిన శక్తికి మిగిలిన కారు సరిపోతుందని తేల్చుకుని, ఆ మార్పును కారు కాగితాల్లో రాయించుకోవాలి. అలా చేయని కారుకు రోడ్డు మీద తిరిగే అనుమతి ఉండదు. మనకూ ఇలాంటి దారి ఒకటి కావాలి. రీమ్యాప్ చేసే షెడ్లకు లైసెన్సు ఉండాలి. పనికి ముందు గేర్‌బాక్స్ టార్క్ పరిమితి, టైర్ల మీద రాసి ఉన్న వేగ పరిమితి, ప్యాడ్ల మందం చూసి రాసి ఇవ్వాలి. పని అయ్యాక, కారులో నిండా మనుషుల బరువు వేసి, వరుసగా పదిసార్లు 100 నుంచి ఆపి, డిస్కుల వేడిని, పదోసారి ఆగడానికి పట్టిన దూరాన్ని కొలవాలి. డైనో కాగితం మీద హార్స్‌పవర్ అంకె పక్కనే ఆ రెండు అంకెలు కూడా లేకపోతే ఆర్‌టీఓ ఆ మార్పును నమోదు చేయకూడదు, బీమా కంపెనీ దాన్ని ఒప్పుకోకూడదు.